బండి వెనుక సైకిళ్ళు



పోయిన నెలలో గృహ దర్శనాలకు వెళ్ళినప్పుడు ఒక తల్లి తన ఫోను తెచ్చి నా చేతిలో పెట్టింది. “అయ్యగారూ, మా వాడు పంపిన వీడియో చూడండి. జర్మనీలో పిల్లలను తీసుకుని సెలవులకు పోతారంట. ఈ బండి వెనకాల ఆ సైకిళ్ళు ఎట్లా ఊగుతున్నాయో! ఊడి పడవు గదా?” అని అడిగింది. చూశాను. పొడవాటి తెల్లని వ్యాను. దాని వెనుక గోడకు ఒక చట్రం బిగించి ఉంది. ఆ చట్రం మీద రెండు సైకిళ్ళు అడ్డంగా నిలబడి ఉన్నాయి. బండి గతుకు దాటినప్పుడల్లా అవి తలలూపుతున్నాయి. ఆ బండి ఎవరో ఇరుగుపొరుగు వారిది. తాను అద్దెకు తీసుకోబోయేది కూడా అటువంటిదేనని తల్లికి చూపించడానికి అబ్బాయి పంపాడు. అయితే అతడు కట్టదలచినవి రెండు కాదు, నాలుగు. వాటిలో రెండు బ్యాటరీ సైకిళ్ళు.

ఆ తల్లి అడిగిన ప్రశ్న ఒక్క ఇంటిది కాదు. మన పల్లెల నుండి చదువులకు, ఉద్యోగాలకు వెళ్ళిన పిల్లలు యూరప్‌లోనూ అమెరికాలోనూ కాపురాలు పెట్టి, వేసవి సెలవుల్లో ఇటువంటి బండ్లు తీసుకుని తిరుగుతున్నారు. ఇక్కడ ఉన్న అమ్మానాన్నలు ఫోనులో చూసి భయపడుతున్నారు. ఆ భయంలో నిజమెంత, చేయవలసినదేమిటి అనే సంగతి ఈ నెల మాట్లాడుకుందాం. సైకిలు తొక్కనివారు, ఎడ్లబండి ఎక్కనివారు మన పాఠకుల్లో తక్కువ గనుక ఇది మీకు సులువుగానే అర్థమవుతుంది.

మొదట ఆ బండి సంగతి. దానిని క్యాంపర్ వ్యాను అంటారు. ఇల్లూ బండీ ఒక్కటే అనుకోండి. లోపల పరుపు, గ్యాసు పొయ్యి, నీళ్ళ తొట్టి, కొన్నింటిలో స్నానాల గది కూడా ఉంటాయి. జర్మనీలో ఫోక్స్‌వాగన్ కంపెనీ 1950లో తన చిన్న వ్యాను తయారీ మొదలుపెట్టింది. మరుసటి సంవత్సరం 1951లో వెస్ట్‌ఫాలియా అనే బండ్ల కంపెనీ ఆ వ్యానులో ఇమిడే పెట్టెను తయారుచేసింది. అందులో పరుపు, బల్ల, వంట సామాను పెట్టుకునే చోటు అన్నీ ఉండేవి. వారం రోజులు పనిబండి, సెలవుల్లో ఇల్లు. సామాన్య కుటుంబాలకు అది ఎంతో నచ్చింది. ఆ పాత వ్యాన్లకు ఇంజను వెనుక ఉండేది. వెనుక తలుపు మీద సైకిళ్ళు వేలాడదీసినవారు ఇంజను చూడవలసి వచ్చినప్పుడు ముందు సైకిళ్ళు దింపుకోవలసిందే. 1990లో వచ్చిన కొత్త నమూనాలో ఇంజనును ముందుకు తెచ్చారు. ఆ తిప్పలు తప్పాయి.

ఇంత ఇల్లు చక్రాల మీద ఉండగా మళ్ళీ సైకిలు ఎందుకని మీరు అడగవచ్చు. పిల్లలు ఆడుకోవడానికేనా? కాదు. ఆ బండిని ఒకసారి విడిది స్థలంలో నిలిపి, కరెంటు తీగ తగిలించి, నీడకు పందిరి గుడ్డ దింపి, కుర్చీలు వేసుకున్న తరువాత ఉదయం రొట్టె కొనడానికి మళ్ళీ ఆ ఇంటినంతా కదిలించాలంటే ఎవరికి ఓపిక ఉంటుంది? పైగా అక్కడి పాత పట్టణాల వీధులు మన పాత బజారు సందుల వంటివి. ఆరు మీటర్ల బండి దూరదు. ఇటలీలోనైతే అనేక పట్టణాల నడిబొడ్డున బయటి వాహనాలు రాకూడని హద్దులు గీశారు. తెలియక దాటితే కెమెరా ఫోటో తీస్తుంది, జరిమానా ఇంటికి వస్తుంది. సైకిలుకు ఆ బాధ లేదు. ఇక హాలండు దేశంలో మనుషుల కన్నా సైకిళ్ళే ఎక్కువ. నదుల వెంట, సరస్సుల చుట్టూ సైకిళ్ళకని వేరే బాటలు ఉన్నాయి. జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండు మూడు దేశాలూ పంచుకునే బోడెన్ సరస్సు చుట్టూ సుమారు 260 కిలోమీటర్ల సైకిలు బాట ఉంది. మన అబ్బాయి కుటుంబం వెళ్ళదలచినది అక్కడికే. లారీ పక్కన ప్రాణం అరచేతిలో పెట్టుకుని తొక్కే మనకు అది వింటేనే ముచ్చటగా ఉంటుంది.

సైకిళ్ళను లోపల పెడితే మనుషులకు చోటుండదు. పైకప్పు మీద కడదామంటే ఈ బండ్లు రెండున్నర మీటర్ల పైన ఎత్తుంటాయి. పాతిక కిలోల సైకిలును నిచ్చెన మీద మోసుకుని పోవాలి. ఒకప్పుడు మన పల్లె బస్సుల మీదికి అరటి గెలలతో పాటు సైకిళ్ళూ ఎక్కించేవారు, అందుకు బస్సు వెనుక నిచ్చెన ఉండేది, ఎక్కించడానికి ఒక మనిషీ దొరికేవాడు. అక్కడ ఆ మనిషి దొరకడు. అందుకే వెనుక చట్రం. ఇటలీ దేశపు ఫియామా కంపెనీ, స్వీడన్ దేశపు తూలే కంపెనీ ఇటువంటి చట్రాలకు పేరు పొందాయి. తూలే 1942లోను, ఫియామా 1945లోను మొదలయ్యాయి.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. అది బరువు. అయితే ఎన్ని కిలోలు అన్నది సగం ప్రశ్న మాత్రమే. ఆ కిలోలు ఎక్కడ ఉన్నాయన్నదే రెండవ సగం.

ఎడ్లబండికి ధాన్యం బస్తాలు వేసేటప్పుడు పెద్దవాళ్ళు ఏం చేసేవారో గుర్తు తెచ్చుకోండి. బస్తాలన్నీ వెనక్కి పడితే నొగ పైకి లేస్తుంది, కాడి ఎద్దుల మెడల మీద ఆనదు. ట్రాక్టరు వెనుక బరువు ఎక్కువైతే ముందు చక్రాలు గాలిలోకి లేవడం మీలో చాలామంది చూసే ఉంటారు. క్యాంపర్ వ్యానులో జరిగేదీ అదే. కాకపోతే కంటికి కనబడదు. దాని వెనుక ఇరుసు దాటాక కూడా బండి ఇంకా వెనక్కి సాగి ఉంటుంది. సైకిలు చట్రం దాని చివరన ఉంటుంది. ఇరుసుకు అంత దూరాన వేలాడే బరువు వెనుక ఇరుసు మీద తన బరువు కన్నా ఎక్కువగా పడుతుంది, ముందు ఇరుసు మీద ఉన్న బరువును కొంత పైకి ఎత్తేస్తుంది.

లెక్క ఇట్లా వేయాలి. ముందు చక్రాలకూ వెనుక చక్రాలకూ మధ్య దూరం 4 మీటర్లు అనుకోండి. సైకిళ్ళు వెనుక ఇరుసుకు 2.5 మీటర్ల వెనుక ఉన్నాయనుకోండి. మన అబ్బాయివి బ్యాటరీ సైకిళ్ళు రెండు, ఒక్కొక్కటి 25 కిలోలు. పిల్లల సైకిళ్ళు రెండు, ఒక్కొక్కటి 12 కిలోలు. అన్నీ కలిపి 74. చట్రం బరువు 16. మొత్తం 90 కిలోలు. ఈ 90ని 2.5తో హెచ్చించి 4తో భాగిస్తే 56 పైచిలుకు వస్తుంది. అంటే ముందు ఇరుసు మీద నుండి 56 కిలోలు తగ్గిపోతాయి. ఆ 56 కూడా వెనుక ఇరుసుకే వెళ్ళి చేరి, అక్కడ 90కి బదులు 146 కిలోలు పెరుగుతాయి. మనం ఎక్కించినది 90, వెనుక టైర్లు మోసేది 146.

ఈ రకపు బండ్లు చాలా వాటికి ఇంజను శక్తి ముందు చక్రాలకే అందుతుంది. ముందు భాగం తేలికపడితే ఆ చక్రాలకు నేల మీద పట్టు తగ్గుతుంది. వాన కురిసిన గడ్డి మైదానంలో బండి నిలిపి మరునాడు కదిలించబోతే చక్రాలు ఉన్నచోటనే తిరుగుతూ బురద చిమ్ముతాయి. స్టీరింగు కూడా తేలికైనట్టు ఉంటుంది. కొత్తవాడు అది బండి మంచితనం అనుకుంటాడు. నిజానికి అది ముందు చక్రాలు నేలను గట్టిగా పట్టుకోవడం లేదని చెప్పే గుర్తు.

ఇంకొక సంగతి. బస్సులో చివరి సీటులో కూర్చున్నవారికి దీనిని వివరించనక్కరలేదు. ముందు కూర్చున్నవాడికి గతుకు తెలియనైనా తెలియదు, వెనుకవాడు మాత్రం ఎగిరి కప్పుకు తగులుతాడు. సైకిళ్ళు ఆ చివరి సీటుకు కూడా వెనుక ఉన్నాయి. కాబట్టి నిలిపి ఉంచినప్పుడు కదలకుండా ఉన్నది చూసి “గట్టిగానే ఉంది” అనుకోకూడదు. గతుకులో బండి తోక లేచి పడినప్పుడు ఆ బోల్టుల మీద పడే దెబ్బ వేరు.

అందుకే ప్రతి చట్రానికీ ఇంత బరువే మోయవలెనని కంపెనీవారు హద్దు పెడతారు. అబ్బాయిని ఫోనులో అడిగితే, అద్దె బండివారి కాగితాలు వెదికి, “అంకుల్, 60 కిలోలు అని ఉంది. కానీ నాలుగు సైకిళ్ళకు చోటుందిగా?” అన్నాడు. చాలామంది ఇక్కడే పొరబడతారు. గాడులు నాలుగు ఉన్నాయి గనుక నాలుగు సైకిళ్ళు పెట్టవచ్చు అనుకుంటారు. పాత రోజుల సైకిళ్ళు తేలికైనవి గనుక సరిపోయేవి. బ్యాటరీ సైకిలు వచ్చాక లెక్క మారింది. ఆటోలో సీట్లు ముగ్గురికే ఉన్నా పదిమంది పట్టడం మనకు తెలుసు. ఇక్కడ తిరగబడింది, చోటు నలుగురికి ఉంది, బలం ఇద్దరికో ముగ్గురికో ఉంది.

అతని 74 కిలోలు 60లో ఇమడవు. బ్యాటరీలు తీసి లోపల పెట్టుకున్నా రెంటికీ కలిపి 6 కిలోలే తగ్గుతాయి, ఇంకా 68 మిగులుతాయి. “ఎనిమిది కిలోలేగా!” అని అతడు కొంచెం బ్రతిమాలినట్టే అన్నాడు. ఆ ఎనిమిది కిలోలు గోతిలో పడినప్పుడు ఎనిమిదిగా ఉండవు. నేను ఒప్పుకోలేదు. చివరకు పిల్లల సైకిళ్ళు రెండూ, బ్యాటరీ తీసివేసిన భార్య సైకిలు ఒకటీ తీసుకుని, తనకు ఒకటి సరస్సు దగ్గర అద్దెకు తీసుకోవడానికి తీర్మానమైంది. అప్పుడు సైకిళ్ళు 46 కిలోలు. చట్రంతో కలిపి 62. పైన చెప్పిన లెక్కనే వెనుక ఇరుసుకు సుమారు 101 కిలోలు పెరుగుతాయి, ముందు ఇరుసుకు 39 తగ్గుతాయి. ఇది భరించదగినది. సరస్సు దగ్గర సైకిళ్ళు అద్దెకిచ్చే దుకాణాలకు కొదువ లేదు, పిల్లలకు సరిపడే సైకిలు మాత్రం అన్నిచోట్లా దొరకకపోవచ్చు. అందుకే పిల్లలవి తీసుకుపొమ్మన్నాను. ఇద్దరిలో ఒకరిది ఇంట్లో వదిలిపెట్టవలసి వచ్చినప్పుడు తండ్రిది వదలడం కూడా సబబే.

చట్రం సరిపోతే సరికాదు, మొత్తం బండి బరువు కూడా చూడాలి. యూరప్‌లో ఇటువంటి బండ్లు చాలావరకు 3,500 కిలోల హద్దు లోపల ఉండేటట్టు చేసినవే. మామూలు కారు లైసెన్సుతో నడపడానికి అది అనుకూలం. అయితే బండి తన సామానుతోనే ఆ హద్దుకు దగ్గరగా వచ్చేస్తుంది. మనుషులు, పరుపులు, వంటపాత్రలు, వంద లీటర్ల నీళ్ళు, అంటే వంద కిలోలు. మనవాళ్ళు బియ్యం మూట, పచ్చడి జాడీలు, కుక్కరు కూడా వదలరు గదా! అందుచేత బయలుదేరే ముందు వేబ్రిడ్జి మీద తూకం వేయడం మంచిది. బండి మొత్తాన్ని ఒకసారి, వెనుక చక్రాలను మాత్రం కాటా మీద నిలిపి మరొకసారి తూయాలి. మొత్తం బరువు హద్దులో ఉండి కూడా వెనుక ఇరుసు ఒక్కటే హద్దు దాటిన బండ్లు ఉంటాయి. మొత్తం తూచినవాడికి ఆ సంగతి తెలియదు.

చట్రం బిగించే చోటు గురించి కూడా ఒక మాట. అద్దె బండికి అది ముందే ఉంటుంది గనుక మన అబ్బాయికి ఈ పని లేదు. సొంత బండి కొన్నవారికి చెబుతున్నాను. ఇనుప రేకు వ్యాను అయితే చట్రం వెనుక తలుపులకు, వాటి కీళ్ళకు తగులుకుని ఉంటుంది. ఆ కీళ్ళు తలుపును మోయడానికి చేసినవి. సైకిళ్ళతో సహా తలుపు తెరిస్తే బరువంతా కీలు మీద వేలాడుతుంది. పైకి లేచే తలుపు అయితే దానిని నిలిపే గ్యాసు కడ్డీలు సైకిళ్ళను మోయలేవు, మనిషి తల మీదికి దిగిపోతుంది. సైకిళ్ళు దించి తలుపు తెరవడమే మేలు. పెట్టె వంటి పెద్ద ఇంటిబండ్లలో గోడ మరొక రకంగా ఉంటుంది. బయట పలుచని అల్యూమినియం రేకో ఫైబరో, మధ్యలో నురుగు, లోపల ప్లైవుడ్డు. అక్కడక్కడ మాత్రమే చెక్క గుంజలు ఉంటాయి. గుంజ లేని చోట బోల్టు వేస్తే అది నురుగును నలుపుతుంది. కొన్నాళ్ళకు వదులై, ఆ రంధ్రం గుండా వాన నీరు గోడలోకి దిగుతుంది. లోపల చెక్క కుళ్ళేదాకా ఎవరికీ తెలియదు. బోల్టు గుంజలోకే పోవాలి, లేదా లోపలి వైపు వెడల్పయిన పలక పెట్టి బిగించాలి, చుట్టూ నీరు చొరకుండా మందు పూయాలి. బండి వెనుక ఎక్కి దిగడానికి ఉండే నిచ్చెనకు సైకిళ్ళు కట్టినవారిని కూడా ఫోటోలలో చూశాను. ఆ నిచ్చెన మనిషి నిదానంగా ఎక్కడానికి పెట్టినది. వంద కిలోమీటర్ల వేగంలో ఊగే సైకిలును మోయడానికి కాదు.

ఇక కట్టే విధానం. అన్నిటికన్నా బరువైన సైకిలు బండి గోడకు దగ్గరగా మొదట నిలబెట్టాలి. తేలికది అందరికన్నా బయట. ఒకదాని హ్యాండిలు కుడివైపుకు వస్తే రెండవదానిది ఎడమవైపుకు రావాలి, లేకపోతే హ్యాండిళ్ళు, పెడళ్ళు ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటాయి. వాటి మధ్య గుడ్డ కాని నురుగు గొట్టం కాని చుట్టాలి. నూరు కిలోమీటర్లు పోయేసరికి పెడలు రుద్దుకుని పక్క సైకిలు రంగు లేచిపోయి లోహం కనబడుతుంది. చట్రం నుండి వచ్చే కొక్కెపు చేయి సైకిలు పై కడ్డీని పట్టుకుంటుంది. లేడీస్ సైకిలుకు ఆ పై కడ్డీ ఉండదు గదా! అందుకు హ్యాండిలు మెడ నుండి సీటు కిందికి తగిలించే విడి కడ్డీ ఒకటి అమ్ముతారు. అది కొనకుండా ఎక్కడ దొరికితే అక్కడ కొక్కెం తగిలించేవారి సైకిళ్ళే ఎక్కువగా వాలిపోతాయి. చక్రాలను గాడిలో పట్టీలతో రెండుచోట్లా బిగించాలి. ఆపైన అన్ని సైకిళ్ళనూ కలిపి ఒక పొడుగు పట్టీ చుట్టి చట్రానికి కట్టాలి. మన పల్లెల్లో క్యారేజీకి మూట కట్టడానికి వాడే పాత ట్యూబు ముక్క చాలా ఉపయోగమైన వస్తువే, కాని ఇక్కడ అది పనికిరాదు. రబ్బరు సాగుతుంది, సాగినప్పుడల్లా సైకిలు కదులుతుంది. సాగని పట్టీ కావాలి. పట్టీ చివరలు గాలికి కొట్టుకోకుండా మడిచి కట్టాలి. గంటసేపు కొట్టుకుంటే అవే ముడి విప్పుకుంటాయి.

గాలిపంపు, నీళ్ళసీసా, బుట్ట, పిల్లల సీటు, తాళం గుత్తి, ఇవన్నీ విప్పి లోపల పెట్టాలి. బ్యాటరీ తప్పక తీయాలి. బరువు తగ్గడం ఒక్కటే కాదు, అది ఇరుసుల మధ్య లోపల ఉంటే ఆ బరువు తోకను లాగదు. బ్యాటరీ తీసిన చోట వాననీరు చేరకుండా మూయాలి. సైకిళ్ళ మీద పెద్ద గుడ్డ కప్పితే బురద పడదు గాని, అది తెరచాప వలె గాలిని పట్టి లాగుతుంది. గట్టిగా కట్టలేనివారు కప్పకపోవడమే మంచిదని నా ఉద్దేశం.

బయలుదేరిన తరువాత ఇరవై ముప్ఫై కిలోమీటర్లకు ఒకసారి ఆపి, దిగి, చేత్తో పట్టి ఊపి చూడాలి. కొత్తగా బిగించిన పట్టీ మొదటి గతుకులకు సర్దుకుని కొంచెం వదులవుతుంది. గడ్డి మోపులు వేసిన బండి ఊరు దాటగానే ఆపి మోకు మళ్ళీ బిగించడం వంటిదే ఇది. ఇందులో బద్ధకం పనికిరాదు. ఎందుకంటే గంటకు వంద కిలోమీటర్ల వేగంతో వచ్చే వాహనం ఒక్క సెకనులో 28 మీటర్లు పోతుంది. మీ వెనుక వచ్చేవాడు యాభై మీటర్ల దూరంలో ఉంటే, రోడ్డు మీద పడిన సైకిలును చూసి ఏమి చేయాలన్నా అతనికి రెండు సెకన్లు కూడా ఉండవు. మోటారు సైకిలు మీద ఉన్నవాడైతే అతని గతి ఏమిటి? ఆ తల్లి భయపడినది తన మనవల కోసం. కాని సైకిలు ఊడితే దెబ్బ తినేది బండిలో ఉన్న మనవలు కాదు, వెనుక వచ్చే ఎవరో ముక్కు ముఖం తెలియని కుటుంబం. ఈ సంగతి చెప్పినప్పుడు ఆమె కాసేపు ఏమీ మాట్లాడలేదు.

నంబరు పలక, వెనుక దీపాలు సైకిళ్ళ చాటున పడకూడదు. పడితే జర్మనీలో అదే నంబరుతో మరొక పలక, దీపాలు కూడా సైకిళ్ళ వెనుక కనబడేటట్టు పెట్టాలి. ఇటలీకి గాని స్పెయిన్‌కు గాని వెళ్ళేవారు ఇంకొకటి గమనించాలి. వెనక్కి పొడుచుకు వచ్చిన బరువు చివరన 50 సెంటీమీటర్ల చదరపు పలక తగిలించాలి. దాని మీద ఎరుపు, తెలుపు ఏటవాలు చారలు ఉంటాయి, రాత్రి దీపం పడితే మెరుస్తాయి. స్పెయిన్‌లో బరువు బండి వెడల్పంతా ఆక్రమిస్తే రెండు పలకలు కావాలి, వాటి చారలు తిరగేసిన వి అక్షరంలాగా కనబడాలి. జర్మనీలో మామూలు సైకిలు చట్రానికి ఈ పలక అడగరు. అందువల్లనే జర్మనీలో బయలుదేరి, ఆల్ప్స్ కొండలు దాటి ఇటలీలో దిగినవారు పలక లేక చిక్కుల్లో పడుతుంటారు. మన అబ్బాయి ఇటలీ వైపు పోనని అన్నాడు గాని, సెలవుల్లో మనసు మారడం ఎంతసేపు? పలక కొని బండిలో పడవేసుకోమని చెప్పాను.

వెనక్కి తిప్పేటప్పుడు, మలుపు తిరిగేటప్పుడు సైకిళ్ళను మరువకూడదు. పొడుగు తోక ఉన్న బండిని కుడికి తిప్పితే తోక ఎడమకు విసురుతుంది. పెట్రోలు బంకు స్తంభాలకు తగిలేది ఎక్కువగా ఇట్లాగే. వెనుక కెమెరాకు సైకిలు చక్రం తప్ప ఏమీ కనబడదు. ఎవరైనా ఒకరు దిగి వెనుక నిలబడి చెయ్యి ఊపాలి. మన లారీ క్లీనరు చేసే పనే. పడవ మీద బండిని దాటించేటప్పుడు రుసుము పొడవును బట్టి ఉంటుంది గనుక సైకిళ్ళతో కలిపి కొలిచి చెప్పాలి.

అమెరికాలో ఉన్నవారికి ఒక హెచ్చరిక. అక్కడ కారు వెనుక లాగే ఇంటిబండ్లకు నాలుగంగుళాల చదరపు గొట్టం వంటి బంపరు ఉంటుంది. చూడటానికి గట్టిగా కనబడుతుంది గాని చాలావాటిలో అది పలుచని రేకు. దానికి సైకిలు చట్రం తగిలిస్తే అతుకు దగ్గర విరిగిన సందర్భాలున్నాయి. అక్కడ రెండంగుళాల గొట్టంలో దూర్చి బిగించే చట్రాలు ఎక్కువ. వాటిలో కారుకు పనికివచ్చేవన్నీ ఇంటిబండికి పనికిరావు. అంత ఊపును తట్టుకునేటట్టు ఇంటిబండ్లకని చేసినవి వేరే ఉన్నాయి. కొనే ముందు కాగితం చదవాలి. చదవకుండా కారు చట్రాన్ని ఇంటిబండికి తగిలిస్తే తరువాత కంపెనీవారు పూచీ పడరు.

మన దేశంలో కూడా కారు వెనుక సైకిళ్ళు కట్టుకునేవారు హైదరాబాదు, బెంగుళూరు వంటి నగరాలలో కనబడుతున్నారు. అక్కడి నుండి చట్రం తెచ్చుకుని ఇక్కడ తగిలించాలనుకునేవారు చట్టం తెలుసుకోవాలి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం అనుమతించిన హద్దు దాటి పక్కలకు గాని వెనక్కి గాని బరువు పొడుచుకు వస్తే ఇరవై వేల రూపాయల జరిమానా ఉంది. నంబరు పలక మూసుకుపోతే అది వేరే తప్పు. మామూలు కారు వెడల్పుకు పెద్ద సైకిలు పొడవు ఇంచుమించు సమానం, కొన్ని కార్లకు కొంచెం ఎక్కువే అవుతుంది. కాబట్టి ముందు చక్రం విప్పి కట్టడమో, సైకిలును డిక్కీలో పెట్టుకోవడమో ఇక్కడ నయం.

ప్రయాణం ముగిసి ఇంటికి చేరాక సైకిళ్ళను మంచినీళ్ళతో కడగాలి. బండి వెనుక సుడి తిరిగే గాలి రోడ్డు మీది దుమ్మును, వాననీటిని తెచ్చి సరిగ్గా వాటి మీదనే పోస్తుంది. గొలుసులో ఇసుక చేరుతుంది. నీటిని గట్టిగా చిమ్మే యంత్రంతో కడిగితే బేరింగుల లోపలి గ్రీజు కూడా కొట్టుకుపోతుంది. బకెట్టు, గుడ్డ చాలు. గొలుసు ఆరిన తరువాత నూనె చుక్కలు వేసి, పెడలు వెనక్కి పదిసార్లు తిప్పి, పైన మిగిలిన నూనె తుడిచివేయాలి. అదే పూట చట్రం బోల్టులు కూడా ఒక్కొక్కటి తిప్పి చూడాలి.